సొంత పోర్ట్‌ఫోలియోలో ముహూర్తం ఫొటోలు లేకుండా పెళ్లి ఆర్డర్ ఎలా తెచ్చుకోవాలి?

హైదరాబాద్‌లో టెస్టింగ్ ఉద్యోగం పోయాక పెళ్లిళ్ల క్యాండిడ్ (పోజులు పెట్టించకుండా సహజంగా తీసే) ఫొటోగ్రఫీలోకి వచ్చాను. సోనీ ఏ7 త్రీ కెమెరా, 24-70 ఎఫ్ 2.8, 85 ఎఫ్ 1.8 లెన్సులు ఉన్నాయి. ప్రస్తుతం స్టూడియోలకు సెకండ్ షూటర్‌గా (ప్రధాన ఫొటోగ్రాఫర్‌కు తోడుగా) రోజు కూలీకి వెళ్తున్నా. పని బాగానే ఉంది, చిక్కల్లా వేరేచోట. మెమరీ కార్డులు అక్కడికక్కడే కాపీ చేసుకుని ఫార్మాట్ చేయించేస్తారు, ఆ ఫొటోలు నా పేజీలో పెట్టకూడదు. నా దగ్గర మిగిలినవి ప్రీ వెడ్డింగ్‌లు, ఓణీల ఫంక్షన్లు. అడిగేవాళ్లేమో నేరుగా జీలకర్ర బెల్లం, తలంబ్రాలు చూపించమంటారు. న్యాయమే, ఆ రెండు క్షణాలు పోతే మళ్లీ రావు కదా!

స్టూడియో వాళ్లను అనుమతి అడిగితే కుదరదన్నారు. నా రేటు తగ్గిస్తే పెళ్లివాళ్లు బేరం ఇంకా కిందికి లాగారు. తెలిసినవాళ్ల పెళ్లికి ఉచితంగా వెళ్తే, సరిగ్గా ముహూర్తానికి ట్రెడిషనల్ ఫొటోగ్రాఫరూ వీడియో లైటూ అడ్డం. నాకు దొరికినవి పురోహితుడి భుజం, సగం బాసికం. అడ్డం రావద్దని వాళ్లతో గొడవపడలేను, ఆ ఆర్డర్ వాళ్లది. ఆర్డర్లు ఇప్పించమంటే ఫంక్షన్ హాల్ మేనేజర్లు కమీషన్ ముందు అడుగుతున్నారు.

ఆషాఢంలో ఎలాగూ ఖాళీ. శ్రావణం ముహూర్తాల్లోపు ఏదో ఒకటి తేల్చుకోవాలి. కూలీ వదులుకుని, బదులుగా కొన్ని ఫొటోలు వాడుకునే హక్కు స్టూడియో దగ్గర రాయించుకోవడం మేలా, లేక ఖర్చులకే ఒక పెళ్లి మొత్తం ఒప్పుకోవడం మేలా? మీలో ఈ దశ దాటినవాళ్లు ఏది చేశారు?