గడ్డం కింద బిరుసు వెంట్రుకలు: లేజర్ ఇప్పుడే చేయించుకోవచ్చా?

నమస్కారం అండీ. నా వయసు 26. రెండేళ్లుగా గడ్డం కింద, పై పెదవి మీద నల్లగా, బిరుసుగా వెంట్రుకలు వస్తున్నాయి. నెలసరి రెండు మూడు నెలలకోసారి. పరీక్షలు చేసి పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయాల సమస్య) అన్నారు డాక్టరుగారు. గర్భనిరోధక మాత్రలు రాశారు, ఫలితం కనిపించాలంటే కనీసం ఆరు నెలలు పడుతుందట. తగ్గకపోతే మగ హార్మోన్ల ప్రభావాన్ని తగ్గించే స్పైరోనోలాక్టోన్ అనే మందు ఇస్తారట, అది వాడినన్నాళ్లూ గర్భం రాకూడదట. వచ్చే ఏడాది నా పెళ్లి, అదే టెన్షన్.

అమ్మమ్మ సున్నిపిండి రుద్దమంటుంది. పసిపిల్లల నూగు సంగతి వేరు, ఇవి వేరు. చర్మం మండిందే తప్ప ఒక్కటీ పోలేదు.

హార్మోన్లు అదుపులోకి రాకముందే లేజర్ మొదలుపెడితే మళ్లీ వస్తాయా? నాది చామనఛాయ, మచ్చలు పడతాయేమోనని భయం. పీసీఓఎస్ ఉండి చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఏ రకం లేజర్, ఎన్ని సిట్టింగులు పట్టాయో దయచేసి చెప్పండి. రోజూ చున్నీ చుట్టుకుని ఆఫీసుకు వెళ్లలేకపోతున్నాను.