రెండో సూది వద్దంటున్న మా అమ్మ, ఏం చేయాలి?

కందిచేను: మాది దేవరకొండ దగ్గర పల్లె. నా భార్యకు ఐదో నెల. మూడో నెలలో ధనుర్వాతం రాకుండా టీడీ సూది వేస్తే చెయ్యి వాచింది, రెండ్రోజులు జ్వరం. రెండోది వేయించుకోమని ఆశ అక్క ఇప్పటికి రెండుసార్లు ఇంటికొచ్చి పోయింది. మా అమ్మేమో "నలుగుర్ని కన్నా, ఒక్క సూది ఎరగను" అంటోంది.

మూసీగట్టు: వేయించు తమ్మీ. ఇందులో అడగడానికేముంది.

పాలమూరు బస్సు: చాలా ఉంది. మా చెల్లెకు మూడో నెలలో సూది వేసిన పది రోజులకు కడుపు పోయింది. డాక్టరు తలెత్తకుండానే "దానికీ దీనికీ సంబంధం లేదు" అన్నాడు. అంతే, తర్వాతి పేషెంటును పిలిచాడు.

పాత సిస్టర్: ఇరవై రెండేళ్లు ఏఎన్ఎంగా చేశాను. టీడీ వల్ల కడుపు పోదు. మొదటి మూడు నెలల్లో పోయేవి చాలావరకు పిండం ఏర్పడటంలోనే తేడా వచ్చి పోతాయి. కందిచేను, మొదటి సూదికి నాలుగు వారాలు దాటాక రెండోది పడాలి. చెయ్యి వాపు, కాస్త జ్వరం మామూలే. మీ అమ్మగారి కాలంలో కొడవలితో బొడ్డు కోసి బూడిద అద్దేవాళ్లు. వారం తిరక్కముందే బిడ్డ పాలు మానేసి కట్టెలా బిగుసుకుపోయేది, దాన్ని దిష్టి అనుకునేవాళ్లు. అది ధనుర్వాతం. తల్లికి వేసిన సూదే బిడ్డనూ కాపాడుతుంది. సూదులు, ఆసుపత్రి కాన్పులు పెరిగాకే కదా 2015లో మన దేశం దాని పీడ దాదాపు వదిలించుకుంది.

లెక్కల సారు: మా ఆవిడకు టీటీ వేశారు. ఈ టీడీ ఏంటి? పేరెందుకు మారింది?

పాత సిస్టర్: టీటీలో ధనుర్వాతానికే ఉండేది సారూ. టీడీలో కంఠసర్పికి, అదే డిఫ్తీరియాకి కూడా కలిపారు.

లెక్కల సారు: మరి మా కార్డు మీద టీటీ అనే ఉందే?

మూసీగట్టు: సారూ, మీ కార్డు పాతది!

పాలమూరు బస్సు: కరోనా టీకా 2021 మొదట్లో గర్భిణులకు వద్దన్నారు, జులైలో వేసుకోమన్నారు. మాట మార్చింది మేమా?

పాత సిస్టర్: మొదటి ప్రయోగాల్లో గర్భిణులను తీసుకోలేదు, అందుకే ఆగారు. కరోనా వస్తే వాళ్లకే ముప్పు ఎక్కువని తేలాక ఇచ్చారు. ఇది కూడా అర్థం కాకుండా మాట్లాడేవాళ్ల వల్లే ఊళ్లు భయపడుతున్నాయి.

పాలమూరు బస్సు: మా చెల్లె డిగ్రీ చదివింది సిస్టరమ్మా! ఆ రోజు అదేం సూదని అడిగితే "చెయ్యి చాపు" అన్నారు. రెండో కాన్పుకు వేయించుకుంది, తెలుసా? అక్కడి నర్సు సీసా చూపించి, పేరు చెప్పి, జ్వరమొస్తే ఏం చేయాలో చెప్పింది. నా గొడవ సూదితో కాదు.

పాత సిస్టర్: ఈ మాట ముందే అనొచ్చు కదా. బుధవారం, శనివారం వరండా నిండా జనం, పక్కన రిజిస్టర్లు. నేనూ "చెయ్యి చాపు" అన్నదాన్నే, కాదనను.

లెక్కల సారు: అయితే కార్డు మార్పించుకోవాలా?

మూసీగట్టు: తమ్మీ, ఇంతకీ నీ భార్య ఏమంటోంది?

కందిచేను: అడగలేదన్నా. ఇప్పుడే అడిగాను. సూదంటే తనకు భయం లేదట. పోయినసారి జ్వరంతోనే బిందెలు మోసిందట, ఈసారి ఆ రెండ్రోజులు నీళ్లెవరు తెస్తారో ముందు తేల్చమంటోంది. అమ్మ పొయ్యి దగ్గర నుంచి అంతా వింటోంది.