నిరసన ఫొటోల ప్రభావాన్ని ఎలా కొలవాలి? కాస్త దారి చూపండి

నమస్కారం. నాది జర్నలిజం పీజీ. వార్తాఫొటోలు నిరసనల మీద జనం అభిప్రాయాన్ని ఎలా మలుస్తాయన్నది ప్రాజెక్టుగా తీసుకున్నాను. చదివేకొద్దీ తికమక పెరుగుతోంది.

1963 మే 3న అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో బిల్ హడ్సన్ తీసిన ఫొటో చూసే ఉంటారు. పోలీసు ఓ నల్లజాతి కుర్రాడి స్వెటర్ పట్టుకున్నాడు, కుక్క అతని పొట్ట మీదికి ఎగబడుతోంది. పౌరహక్కుల ఉద్యమానికి అది సానుభూతి తెచ్చిందని అందరూ రాస్తారు. నిజానికి ఆ కుర్రాడు ఊరేగింపులో లేడు, చూడ్డానికి వచ్చాడంతే! పైగా అలాంటి ఫొటోలు నల్లజాతివారిని దెబ్బలు తినేవాళ్లుగానే చూపించాయని మార్టిన్ బెర్గర్ అనే కళా చరిత్రకారుడి వాదన. నాకూ అదే సబబనిపిస్తోంది.

1989 జూన్ 5న బీజింగ్‌లో, విద్యార్థుల నిరసనను అణచడానికి దింపిన సైనిక ట్యాంకులకు అడ్డం నిలబడ్డ మనిషి సంగతీ అంతే. హోటల్ బాల్కనీ నుంచి తీసిన ఫొటోల్లో అతను ఒంటరి వీరుడు. టెరిల్ జోన్స్ వీధిలోంచి తీసినదాంట్లో మాత్రం ముందు జనం పరిగెడుతుంటారు, అతను ఎక్కడో వెనక చిన్నగా కనిపిస్తాడు. అది 2009లో గానీ బయటికి రాలేదు.

ఇంతకీ నా ప్రశ్న: ఫొటో ప్రభావాన్ని హెడ్డింగ్, క్యాప్షన్ ప్రభావం నుంచి విడదీసేదెలా? ఒకే వార్తకు వేర్వేరు ఫొటోలు పెట్టి రెండు గుంపులకు చూపిస్తే సరిపోతుందా? ఆ ఫొటోలు ముందే చూసినవాళ్లను పక్కన పెట్టాలా? పత్రికల్లోని ఫొటోలను క్లోజప్, కెమెరా ఎత్తు, పోలీసులు ఉన్నారా లేదా అని వర్గీకరించి లెక్కపెడితే చాలంటారు మా గైడ్ గారు. దాంతో పత్రికల ధోరణి తెలుస్తుంది సరే, చూసినవాళ్ల మనసు ఎలా తెలుస్తుంది? ఇలాంటి పని చేసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, సినాప్సిస్ ఇవ్వాల్సిన గడువు దగ్గరపడి టెన్షన్‌గా ఉంది.