అప్‌డేట్: టెర్రస్‌కి తాళం వేసిన అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ కొన్నాం

హైదరాబాద్‌లో రీసేల్ ఫ్లాట్ చూస్తున్నామని, ఐదో అంతస్తు ఓనర్ "బిల్డర్ టెర్రస్ నాకే ఇచ్చాడు" అంటూ తాళం వేసుకున్నారని, కొనొచ్చా అని రెండు నెలల క్రితం అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు. పోయిన వారమే రిజిస్ట్రేషన్ అయింది.

పని చేసిన సలహా ఒక్కటే: ఆ ఐదో అంతస్తు ఓనర్ మాట కాదు, ఆయన సేల్ డీడ్ చూడండి అన్నది. ఈసీలో (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలుండే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) డాక్యుమెంట్ నంబర్ పట్టుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీ తీయించాం. అందులో ఫ్లాట్, స్థలంలో అవిభాజ్య వాటా (అందరికీ ఉమ్మడిగా ఉండే భూమిలో ఆయన భాగం), ఒక పార్కింగ్ ఉన్నాయి. టెర్రస్ ఊసే లేదు! బిల్డర్ ఇచ్చింది తెల్ల కాగితం మీద ఒక లెటర్ మాత్రమే.

లాయర్ గారు ఇంకో మాట చెప్పారు. ఈ ప్రాజెక్టు రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్టర్ అయింది. 2016 రెరా చట్టం సెక్షన్ 2(ఎన్)లో కామన్ ఏరియాల కింద మెట్లు, లిఫ్టులతో పాటు టెర్రస్ కూడా ఉంది. సెక్షన్ 17 ప్రకారం వాటిని బిల్డర్ అసోసియేషన్‌కి అప్పగించాలి. కాబట్టి డీడ్‌లో రాసి ఉన్నా మనం ప్రశ్నించవచ్చట.

అసోసియేషన్ మీటింగ్‌లో ఆ కాపీ చూపించాక ఆయన పెద్దగా వాదించలేదు. ఇప్పుడు తాళంచెవి వాచ్‌మన్ దగ్గరే ఉంటోంది. పోలీస్ కంప్లయింట్, రెరాలో ఫిర్యాదు అవసరం పడలేదు.

అడ్వాన్స్ ఇవ్వకముందే ఇదంతా చేయించుకోండి. మేం ఇచ్చాక చేశాం, ఆ రెండు నెలలు నిద్ర లేదు.