మందస తోటల మీదుగా మహేంద్రగిరి దిగువకు నడకదారి గురించి

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం జిల్లా మందసలోని వాసుదేవ పెరుమాళ్ ఆలయం దగ్గర బయలుదేరి, జీడి, పనస, కొబ్బరి తోటల మీదుగా మహేంద్రగిరి దిగువన అడవి అంచు వరకు ఒక పూటలో నడిచి రావాలని నేను, 62 ఏళ్ల మా నాన్నగారు అనుకుంటున్నాము. ఒడిశా వైపున 1,501 మీటర్ల ఎత్తున ఉన్న శిఖరం ఎక్కే ఉద్దేశం లేదు. ఆయన మోకాళ్లు ఒప్పుకోవు. కిందటి వేసవిలో సగం దూరం వెళ్లి, కాలిబాట మీద నలిగిన జీడిపండ్లు, వాటి పక్కనే మట్టిలో ఎలుగుబంటి గోళ్ల గుర్తులు కనబడడంతో వెనుదిరిగాము. పండ్లకాలం ముగిశాక, కార్తీకంలో వెళితే ఎలుగుల బెడద తగ్గుతుందా? ఉదయం ఎన్ని గంటలకు బయలుదేరడం క్షేమం? తోవ చూపే స్థానికులు ఎక్కడ దొరుకుతారో, దారిలో తాగునీరు ఉంటుందో లేదో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.