అప్‌డేట్: డ్రెయిన్ బోల్టు దగ్గర ఆయిల్ కారడం ఆగింది

ఇంట్లోనే కారు ఇంజిన్ ఆయిల్ మార్చాక డ్రెయిన్ బోల్టు (ఇంజిన్ అడుగున ఆయిల్ దింపడానికి విప్పే బోల్టు) దగ్గర చుక్కలు పడుతున్నాయని పోయిన వారం అడిగాను కదా, కారణం దొరికింది. బోల్టు వదులు కాలేదు. నేను పాత వాషరే మళ్లీ వేశాను. ఒకసారి బిగిస్తే ఆ మెత్తటి వాషరు నలిగిపోతుంది, రెండోసారి సరిగా పట్టదు. ఇంకా గట్టిగా బిగిస్తే సంపు (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) మరలు పోతాయని ఆపినవాళ్లకు చాలా థాంక్స్, నిజంగా అదే చేయబోయాను.

అమలాపురంలో కొత్త వాషరు దొరికింది. మా వాకిలి ఒండ్రు మట్టి, జాకీ దిగబడుతుంది. అందుకే ఈసారి రైసు మిల్లు సిమెంటు కళ్లం మీద, స్టాండ్లు కూడా పెట్టి చేశాను. ఆయిల్ శుభ్రమైన బేసిన్‌లోకి దింపి, వాషరు మార్చి, పోయిన వారం పోసిన ఆ కొత్త ఆయిలే తిరిగి పోశాను. ఇంజిన్ కాసేపు నడిపి, ఆపి, 10 నిమిషాలాగి చూస్తే ఆయిల్ మట్టం చూసే కడ్డీ (డిప్‌స్టిక్) మీద రెండు గీతల మధ్యే ఉంది.

మొదట తీసిన నల్ల ఆయిల్ క్యానులో పోసి మెకానిక్ షెడ్డులో ఇచ్చాను. దయచేసి ఎవరూ కాలువలో పారబోయకండి. ధవళేశ్వరం నుంచి వచ్చే ఆ నీళ్లే మా మంచినీళ్ల చెరువు నింపేది.

రెండు రోజులుగా కారు కింద అట్టముక్క పెట్టి చూస్తున్నాను, ఒక్క మరక కూడా లేదు.