ఓడూ షెడ్యూల్డ్ యాక్షన్: కొన్ని షాపులకి నాలుగేసి మెసేజ్‌లు, మిగతావాళ్లకి ఒక్కటీ లేదు

గుంటూరు అకౌంట్స్:
అందరికీ నమస్కారం. మాది పురుగుమందుల హోల్‌సేల్, దాదాపు 200 షాపులకి అప్పు మీద సరుకు వేస్తాం. ప్రతి సోమవారం తెల్లవారి 5 గంటలకి "ఈరోజుకి మీ బాకీ ఇంత" అని ఎస్ఎంఎస్ వెళ్లేలా ఓడూ 16 అనే వ్యాపార సాఫ్ట్‌వేర్‌లో షెడ్యూల్డ్ యాక్షన్ (చెప్పిన టైమ్‌కి దానంతటదే నడిచే పని) పెట్టించాం, సొంత సర్వర్. మొన్న మొదటిసారి నడిచింది. పేరు ఏ నుంచి ఎం దాకా ఉన్న షాపులకి, అంటే సుమారు 110 మందికి, నాలుగేసి మెసేజ్‌లు వెళ్లాయి, ఎస్ఎంఎస్ బ్యాలెన్స్ అయిపోయాకే ఆగింది. తర్వాతి పేర్లకి ఒక్కటీ పోలేదు. పైగా మెసేజ్‌లో ఆదివారం తేదీ పడింది. ఇరవై ఏళ్లుగా మాతో ఉన్న పెద్దాయన ఫోన్ చేసి "నేనేమైనా ఎగ్గొడతానా బాబూ, ఇన్నిసార్లు అడగాలా" అన్నారు, నాకు చాలా బాధేసింది. ఎక్కడ తప్పు జరిగిందో చెప్పండి.

ఈఆర్పీ వరంగల్:
ఒక్కో ఎస్ఎంఎస్‌కి గేట్‌వే (మెసేజ్‌లు పంపే సర్వీస్) ఒక సెకను తీసుకుంటోందా? అయితే ఇదే కారణం. ఓడూ సెట్టింగ్స్ ఉండే కాన్ఫిగ్ ఫైల్‌లో లిమిట్ టైమ్ రియల్ అని ఉంటుంది, ఒక పని ఎంతసేపు నడవొచ్చో దాని హద్దు. మనం మార్చకపోతే 120 సెకన్లు, క్రాన్‌కి, అంటే షెడ్యూల్డ్ యాక్షన్‌కి, విడిగా ఇవ్వకపోతే దానికీ అదే లెక్క. 200 మందికి అంత టైమ్ చాలదు. సగంలో ప్రాసెస్‌ని చంపేస్తుంది, అప్పటిదాకా డేటాబేస్‌లో రాసినదంతా రోల్‌బ్యాక్ అవుతుంది, పని పూర్తి కాలేదు కాబట్టి కాసేపటికి మళ్లీ మొదటి పేరు నుంచి ఎత్తుకుంటుంది. డేటాబేస్ వెనక్కి పోతుంది గానీ వెళ్లిన ఎస్ఎంఎస్ వెనక్కి రాదు కదండీ. లాగ్‌లో టైమవుట్ లైన్ ఉందేమో చూడండి.

క్రాన్‌కి విడిగా ఉండే హద్దు లిమిట్ టైమ్ రియల్ క్రాన్‌ని 600 సెకన్లు పెడితే ఈ వారానికి గడుస్తుంది, కానీ షాపులు పెరిగితే మళ్లీ ఇదే. అసలు చేయాల్సింది, ప్రతి షాపు రికార్డులో "చివరిగా పంపిన తేదీ" అని ఒక ఫీల్డ్ పెట్టి, ఒక్కొక్కరికి ముందు తేదీ రాసి, కమిట్ చేసి (డేటాబేస్‌లో ఖాయం చేసి), ఆ తర్వాతే మెసేజ్ పంపాలి, ఈరోజు తేదీ ఉన్నవాళ్లని వదిలేయాలి. పంపాక రాయొచ్చు కదా అంటారు కొందరు, అప్పుడు మధ్యలో ఆగితే ఒకరికి రెండోసారి పోతుంది. బాకీ అడిగే విషయంలో ఒకరికి పోకపోయినా పర్లేదు, రెండుసార్లు మాత్రం పోకూడదు.

పైథాన్ చెన్నై:
తేదీ సంగతి నేను చెప్తా అన్నా. సర్వర్ లోపల యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) నడుస్తుంది, మనకంటే ఐదున్నర గంటలు వెనక. మన సోమవారం 5 గంటలంటే అక్కడ ఆదివారం రాత్రి 11:30. స్క్రీన్ మీద మన టైమే చూపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కోడ్‌లో "ఈరోజు" అని తీసుకునే చోట ఆసియా/కోల్‌కతా టైమ్‌జోన్ స్పష్టంగా ఇవ్వమనండి, ఎందుకంటే క్రాన్ ఓడూబాట్ (ఓడూ సొంత సిస్టమ్ యూజర్) పేరు మీద నడిస్తే ఆ యూజర్‌కి టైమ్‌జోన్ పెట్టి ఉండకపోవచ్చు. అయినా తెల్లవారి 5కి బాకీ మెసేజ్ ఎందుకన్నా, షాపు తెరిచాక 10 గంటలకి పంపండి.

నెల్లూరు స్టోర్స్:
మార్చిన కోడ్‌ని టెస్ట్ చేయడానికి డేటాబేస్ కాపీ తీస్తారు కదా, అక్కడ జాగ్రత్త. కాపీలో కూడా షెడ్యూల్డ్ యాక్షన్లు నడుస్తాయి, నిజం నంబర్లకే పంపుతాయి. మాకు అలాగే జరిగి ఆ రోజంతా టెన్షన్ పడ్డాం. 16లో డూప్లికేట్ చేసేటప్పుడు న్యూట్రలైజ్ అనే టిక్ ఉంటుంది, కాపీలో షెడ్యూల్డ్ యాక్షన్లని ఆపేస్తుంది, అది పెట్టండి, అయినా మీ సొంత ఎస్ఎంఎస్ కోడ్‌ని అది ఆపుతుందని నమ్మకుండా కాపీలో గేట్‌వే కీ (గేట్‌వేకి పాస్‌వర్డ్ లాంటిది) తీసేయండి.

గుంటూరు అకౌంట్స్:
లాగ్ చూశాను, సరిగ్గా 120 సెకన్ల దగ్గరే టైమవుట్, నాలుగుసార్లు. యాక్షన్ ఆపేశాను, డెవలపర్‌కి మీ ముగ్గురి మాటలూ పంపాను. నాలుగేసి మెసేజ్‌లు వెళ్లిన 110 మందికీ రేపట్నుంచి నేనే ఫోన్ చేసి చెప్తాను, ముందు ఆ పెద్దాయనకి.